పేరు గడి

పులియంతోపు. పందొమ్మిది వందల యాభై, ఎండాకాలం.
గణతంత్రం వచ్చి నాలుగు నెలలు.
నాకు ఇరవై రెండేళ్ళు, కార్పొరేషన్ వారి తాత్కాలిక గుమాస్తాని,
చంకలో ఓటర్ల పుస్తకం, జేబులో కారే పెన్ను.
గుడిసెల వరసల్లోకి ఎవరూ రానివ్వలేదు,
రేషన్ కార్డులు కోసేవాడననుకున్నారు.

అప్పుడొచ్చింది పెంచలమ్మ.
చీపురు గోడకు ఆనించి, కొంగు దోపుకుని,
"ఈ పిల్లోడు నాతో వచ్చినాడు" అంది.
తలుపుల్లేని గుడిసెలకు తలుపులు తెరుచుకున్నాయి.

ఆమె ఎడమ మోచెయ్యి పూర్తిగా చాపలేదు.
నలభై ఆరు సమ్మెలో తెల్లదొర పోలీసుల దెబ్బ.
"మరి ఆ చెవి?" అన్నాను.
"అది మనోళ్ళది. నలభై తొమ్మిది" అంది,
ఏ పండక్కి ఏ చీర కొన్నదో చెప్పినట్టు.

"పేరేంటమ్మా?"
"మా ఇంటాయన పెండ్లాన్ని."
"ఆయన పేరు?"
నాలిక కరుచుకుంది.
పక్కింటామె సాయమొచ్చింది: "కొండమీదుంటాడే, ఆయన పేరే."
"ఏ కొండ?"
"ఇంకా అప్పు కడతా ఉండాడే, ఆ కొండ."
వెంకటేశు భార్య, అని రాయబోయాను.
పెంచలమ్మ నా పెన్ను పట్టుకుంది.
వేళ్ళకు సిరా అంటింది. తుడుచుకోలేదు.

"ఏమ్మే, జీతం కోసేటప్పుడు మేస్త్రీ నిన్నేమని పిలుస్తాడు?"
"ఏమే అంటాడు."
"మీయమ్మ?"
ఎక్కడో దాచి మరిచిన అణాను వెతికినట్టు
చాలాసేపు వెతికి,
"చెంగమ్మ" అంది.

పదకొండు రోజులు తిరిగాం.
ఒక ముసలామె తన పేరు గుర్తులేదంది, నిజంగానే.
"సొరాజ్జెం అని రాయబ్బా" అంది పెంచలమ్మ.
"వొద్దు, బరువు. సుబ్బులని పెట్టు" అంది ముసలామె.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం కాలువ గట్టున మీటింగు.
ఖద్దరు కండువా, పెట్రోమాక్స్ లైటు,
"మద్రాసు మనది!" అన్నాడు నాయకుడు.
చప్పట్ల మధ్యలో పెంచలమ్మ లేచింది.
"మనదంటే ఎవురిది సామీ?
ఊడ్చేది మేం గాబట్టి అడుగుతుండా.
పాయఖానాలు గూడా మనయ్యేనా?"
ఆయన నవ్వాడు. దండ సర్దుకున్నాడు.
తెల్లారి ఆ పూలరేకులు ఊడ్చింది ఆమే.

యాభై రెండు, జనవరి. కార్పొరేషన్ బడి.
పిల్లల బెంచీల మీద ఇనప పెట్టెలు, పెట్టెకో గుర్తు.
ఉతికిన చీరల్లో వాడంతా వరసగా నిలబడింది.
"చెంగమ్మ!" అని పిలిచారు.
చెంగమ్మ వెనక్కి చూసింది,
ఎవరో ముందుకొస్తారని.
తర్వాత నడిచింది.

పెంచలమ్మ వంతు.
అధికారి వేలు పేర్ల వెంట దిగింది.
మళ్ళీ పైనుంచి దిగింది.
"లేదమ్మా."

అచ్చు వాళ్ళది. రాత నాది.
పదకొండు రోజులు పక్కన నడిచిన మనిషిని
ఒక్క గుమ్మంలోనూ ఎదురుగా చూడలేదు నేను,
అడగలేదు.
తిడుతుందని తల దించుకున్నాను.
"నా గుడిసెకు పోలా గదా మనం" అంది.
మనం, అంది.

చీకటి పడేదాకా బడి బయట కొళాయి దగ్గరే ఉంది,
చంకనొకరు, వేలు పట్టుకుని ఇద్దరు,
లోపలికెళ్ళిన తల్లుల పిల్లలు.
సుబ్బులు బయటికొచ్చి సిరా వేలు చూపిస్తే
ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి
"మీ పిల్లోడి పెన్నుకంటే ఇదే మేలబ్బా, కారదు" అంది
నా వైపు తిరక్కుండానే.

యాభై ఆరులో సవరణకని ముందు ఆమె గుడిసెకే వెళ్ళాను.
కాలువ గట్టు వెడల్పు చేసేశారు.
ఎక్కడికి పోయారంటే, ఒకరు వ్యాసర్పాడి అన్నారు,
ఒకరు, మీ రాష్ట్రం మీకిచ్చారుగా, అక్కడికే అన్నారు.
కొత్త తారురోడ్డు. ఎవరో శుభ్రంగా ఊడ్చి ఉన్నారు.

ఆ రోడ్డు మీదే గొంతుకూర్చుని
మొదటి పేజీలో, మొదటి గడిలో,
భర్త పేరూ ఇంటి నంబరూ ఖాళీగా వదిలి
ఆమె పేరు రాశాను.

పై అధికారి ఎర్రసిరాతో గీత కొట్టి
పక్కన రాశాడు:
చిరునామా లేదు.